కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867 మే 1 – 1938 ఏప్రిల్ 11) అమృతాంజనం సంస్థ వ్యవస్థాపకుడు, ఆంధ్రపత్రిక, భారతి పత్రికల స్థాపకుడు, గ్రంథ ప్రచురణకర్త, స్వాతంత్ర్య సమరయోధుడు, ఆంధ్రోద్యమ నాయకుడు. కృష్ణా డెల్టాలోని ఎలకుర్రు గ్రామం ఆయన స్వస్థలం. ఒక చిన్న తలనొప్పి మందు వ్యాపారం ద్వారా ఆర్జించిన ధనంలో అధికభాగాన్ని తెలుగు పత్రికలకు, పుస్తకాలకు, గ్రంథాలయాలకు, జాతీయోద్యమానికి, తన వద్దకు వచ్చిన అర్థులకు వెచ్చించాడు. ఆంధ్రులు ఆయనను "దేశోద్ధారక" అనీ, "విశ్వదాత" అనీ గౌరవించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో "కళాప్రపూర్ణ" బిరుదుతో సత్కరించింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక మద్రాసులోని ఆయన స్వగృహంలోనే జరిగింది. ఆ ఒడంబడికకు ఆ ఇంటి పేరే వచ్చింది.

జన్మస్థలము, నాటి పరిస్థితులు

నాగేశ్వరరావు తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్య. ఆయన పెరిగిన ఎలకుర్రు గ్రామం కృష్ణా జిల్లాలో, గుడివాడకు, మచిలీపట్నానికి నడుమనున్న సారవంతమైన పల్లపు భూములలో ఉంది. ప్రస్తుతం ఇది పామర్రు మండలంలోనిది.

ఆయన జన్మించేనాటికి బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయి (1855) పన్నెండేళ్ళు గడిచాయి. అంతకుముందు వానలమీదా, చెరువులమీదా ఆధారపడిన గ్రామాలకు కాలువ నీరు వచ్చింది. వరి పంట విస్తరించింది. అవే కాలువలలో పడవలు ధాన్యాన్నీ, ప్రయాణికులనూ మోసుకుపోయేవి. పంట మిగులు చేతికి రావడంతో పిల్లలను పట్టణాలకు పంపి ఇంగ్లీషు చదువు చెప్పించగల కుటుంబాలు డెల్టా గ్రామాలలో ఏర్పడ్డాయి. మచిలీపట్నంలో చదువుకొని, అక్కడినుండి మద్రాసుకు వెళ్ళి పట్టభద్రులైన తొలి తరాలలో నాగేశ్వరరావు ఒకడు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో ఈ ప్రాంతం నుండి వచ్చిన విద్యావంతులలో అనేకులు న్యాయవాద వృత్తిలోనో, ప్రభుత్వోద్యోగంలోనో స్థిరపడ్డారు. నాగేశ్వరరావు మాత్రం వ్యాపారాన్ని ఎంచుకున్నాడు.

విద్యాభ్యాసము

ప్రాథమిక విద్య స్వగ్రామ ప్రాంతంలో, ఉన్నత పాఠశాల విద్య మచిలీపట్నంలో పూర్తిచేసి, మద్రాసు క్రైస్తవ కళాశాల నుండి 1891లో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం రచనలు, ముఖ్యంగా ఆయన నడిపిన వివేకవర్ధని పత్రిక, నాగేశ్వరరావుపై గాఢమైన ముద్ర వేశాయి. ఒక పత్రిక ఒక సమాజపు ఆలోచనలను కదిలించగలదన్న విషయం ఆయనకు అప్పుడే తెలిసింది. అయితే పత్రిక నడపడానికి కావలసిన ధనం చేతికి రావడానికి మరి పదిహేడు సంవత్సరాలు పట్టింది.

వ్యాపారము – అమృతాంజనం

చదువు ముగిసిన తరువాత కొంతకాలం మద్రాసులో, తరువాత కలకత్తాలో గడిపి, చివరకు బొంబాయి చేరుకుని విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగం చేశాడు. ఈ కాలంలో ఔషధ వ్యాపారపు మెలకువలు తెలుసుకున్నాడు. 1893లో బొంబాయిలో అమృతాంజనం సంస్థను స్థాపించాడు. తలనొప్పి, జలుబు, ఒళ్ళు నొప్పులకు పైపూతగా వాడే పసుపుపచ్చని లేపనం ఈ సంస్థ ప్రధాన ఉత్పత్తి.

ఈ కోవకు చెందిన లేపనాలలో సాధారణంగా మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం వంటి ఘాటైన పదార్థాలుంటాయి. ఇవి చర్మంలో చల్లదనాన్నీ, వేడినీ గుర్తించే నాడుల కొసలను ప్రేరేపించి, నొప్పి తెలియకుండా కొంత ఉపశమనాన్ని కలిగిస్తాయి. వైద్యుడు అందుబాటులో లేని పల్లెలో సైతం కిరాణా దుకాణంలో కొనుక్కొని ఇంట్లో దాచుకోదగిన చిన్న సీసా కావడం ఈ మందుకు కలిసివచ్చింది. విదేశీ మందులు రాజ్యమేలుతున్న రోజులలో స్వదేశీ ఉత్పత్తి కావడం మరొక ఆకర్షణ.

కొత్త వస్తువును ప్రజలకు అలవాటు చేయడంలో నాగేశ్వరరావు నేర్పరి. సంగీత సభలలో శ్రోతలకు అమృతాంజనాన్ని ఉచితంగా పంచిపెట్టించాడన్నది బహుళ ప్రచారం పొందిన విషయం. ఒకసారి వాడినవారు మళ్ళీ కొంటారన్న నమ్మకం ఫలించింది. సంస్థ కార్యకలాపాలు తరువాత మద్రాసు కేంద్రంగా సాగాయి. 1936లో ఇది పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారింది.

ఈ వ్యాపారానికి ఆయన జీవితంలో ఉన్న స్థానాన్ని గుర్తించడం అవసరం. ఆంధ్రపత్రిక, భారతి, ఆంధ్ర గ్రంథమాల వంటివన్నీ అమృతాంజనం ఆదాయం అనే పునాదిపై నిలిచిన కట్టడాలు. లాభం వచ్చే పనినీ, లాభం ఆశించకుండా చేయవలసిన పనినీ ఒకే మనిషి పక్కపక్కనే నడిపాడు. మొదటిదాన్ని నిర్లక్ష్యం చేస్తే రెండవది నిలవదు.

ఆంధ్రపత్రిక

1905లో బెంగాల్ విభజనతో మొదలైన స్వదేశీ, వందేమాతర ఉద్యమాలు తెలుగు ప్రాంతాలకూ వ్యాపించాయి. 1907లో బిపిన్ చంద్రపాల్ కోస్తా పట్టణాలలో పర్యటించి బెజవాడ, మచిలీపట్నం మొదలైన చోట్ల ఉపన్యసించాడు. అదే ఏడాది డిసెంబరులో సూరత్‌లో జరిగిన కాంగ్రెసు మహాసభకు నాగేశ్వరరావు హాజరయ్యాడు. మితవాదులు, అతివాదులు విడిపోయిన ఆ సభ తరువాత, దేశంలో జరుగుతున్న విషయాలను తెలుగువారికి తెలుగులో చెప్పే పత్రిక ఒకటి ఉండాలన్న సంకల్పం ఆయనలో బలపడింది.

1908 సెప్టెంబరులో బొంబాయి నుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగు పత్రిక తెలుగుదేశానికి అంత దూరాన మొదలుకావడం నేటి పాఠకులకు వింతగా తోచవచ్చును. అయితే బొంబాయిలో నాడు తెలుగు కార్మికులు గణనీయమైన సంఖ్యలో ఉండేవారు. నాగేశ్వరరావు వ్యాపారమూ అక్కడే ఉండేది. ప్రతి సంవత్సరం ఉగాదికి వెలువడిన ప్రత్యేక సంచికలు విశేషమైన ఆదరణ పొందాయి. చరిత్ర, భాష, సాహిత్యం, శాస్త్రవిషయాలపై పండితుల వ్యాసాలతో కూడిన ఆ సంచికలను పాఠకులు గ్రంథాలలాగా దాచుకునేవారు.

1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసు నుండి దినపత్రికగా రూపొందింది. అప్పటికి మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గం ఏర్పడి ఉండటంతో కోస్తా పట్టణాలకు పత్రికను చేర్చడం సాధ్యమయింది. నాలుగు నెలలు తిరగకుండానే ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమై, యుద్ధ వార్తల కోసం ప్రజలు ఎదురుచూసే స్థితి ఏర్పడింది. ఇంగ్లీషు రాని పాఠకుడు ఆనాటి ప్రపంచ వార్తలను తన భాషలో చదువుకోగలగడం తెలుగునాట కొత్త అనుభవం. ఆ తరువాత సహాయ నిరాకరణం, ఖద్దరు, ఉప్పు సత్యాగ్రహం మొదలైన ఘట్టాలలో ఈ పత్రిక జాతీయోద్యమ వాణిని గ్రామాలకు చేరవేసింది. మచిలీపట్నం నుండి 1902లో మొదలైన కృష్ణాపత్రికతో పాటు, రెండు మూడు తరాల తెలుగువారి రాజకీయ చైతన్యానికి ఆంధ్రపత్రిక ఆధారమయింది.

భారతి

1924 జనవరిలో నాగేశ్వరరావు భారతి అనే సాహిత్య మాసపత్రికను ప్రారంభించాడు. దినపత్రిక నాటి వార్తను చెబుతుంది. మరునాటికి అది పాతబడుతుంది. శాసనాలు, తాళపత్ర ప్రతులు, ఛందస్సు, వ్యాకరణం, ప్రాచీన కవుల కాలనిర్ణయం వంటి విషయాలపై ఏళ్ళ తరబడి సాగే చర్చకు వేరే వేదిక అవసరం. ఆ అవసరాన్ని భారతి తీర్చింది. ఒకే సంచికలో సంప్రదాయ పండితుని పరిశోధన వ్యాసం, నవ్యకవి ఖండకావ్యం, కథ, గ్రంథ సమీక్ష పక్కపక్కన కనిపించేవి. "భారతిలో పడింది" అని చెప్పుకోవడం తెలుగు రచయితకు చాలాకాలం పాటు ఒక యోగ్యతాపత్రం.

ఇటువంటి పత్రికకు చందాదారుల సంఖ్య పరిమితంగా ఉండటం సహజం. అమ్మకాలపైనే ఆధారపడి ఉంటే భారతి ఎక్కువకాలం నడిచేది కాదు. వెనుక ఒక వ్యాపార సంస్థ అండ ఉండటం వలననే అది ఆరు దశాబ్దాలకు పైగా కొనసాగగలిగింది.

ఆంధ్ర గ్రంథమాల

1926లో నాగేశ్వరరావు ఆంధ్ర గ్రంథమాల అనే ప్రచురణ సంస్థను నెలకొల్పాడు. ప్రాచీన కావ్యాలను పరిష్కరింపజేసి, సామాన్యునికి అందుబాటు ధరకు అందించడం దీని ఉద్దేశం. వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో వెలువడిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఈ మాలలో ముఖ్యమైనది. సోమనాథునిదే అయిన పండితారాధ్య చరిత్ర చిలుకూరి నారాయణరావు పరిష్కరణలో వెలువడింది. జీర్ణ విజయనగర చరిత్రము, తంజావూరాంధ్ర నాయక చరిత్రము ఈ మాలలోని చరిత్ర గ్రంథాలు.

ద్విపద కావ్యాలు పండితుల ఆదరణకు దూరమై, తాళపత్రాలకే పరిమితమై ఉన్న రోజులవి. శైవకవుల ద్విపదలు అచ్చులోకి రావడంతో, తెలుగు సాహిత్య చరిత్రను నన్నయ, తిక్కన, ఎర్రనల మార్గంలోనే కాక దేశి కవితా మార్గంలోనూ చదివే అవకాశం విద్యార్థులకు కలిగింది.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము

తెలుగులో ఆధునిక పద్ధతిలో విజ్ఞాన సర్వస్వాన్ని నిర్మించే మహాకార్యాన్ని తలపెట్టినవాడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన కూడా కృష్ణా జిల్లావాడే. పెనుగంచిప్రోలు ఆయన జన్మస్థలం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించిన లక్ష్మణరావు, ఆ తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని ఆరంభించి మూడు సంపుటాలను తీసుకువచ్చాడు. అకారాదిగా మొదలైన ఆ పని తొలి అక్షరాల దగ్గర ఉండగానే, 1923 జులై 12న ఆయన మరణించాడు.

ఒక పండితుడు మరణిస్తే ఆయన వ్రాయదలచినది ఆగిపోతుంది. ఆయన సమకూర్చిన కాగితాలు, వ్యాసకర్తల బృందం, ప్రణాళిక కూడా చెదిరిపోతే తరువాతివారు మళ్ళీ మొదటినుండి ప్రారంభించవలసి వస్తుంది. ఆ ప్రమాదాన్ని గ్రహించి నాగేశ్వరరావు ఈ కార్యాన్ని తన భుజాలపై వేసుకున్నాడు. పాత సంపుటాలను యథాతథంగా పునర్ముద్రించడంతో తృప్తిపడక, వ్యాసాలను విస్తరింపజేసి 1930ల్లో కొత్త సంపుటాలను వెలువరించాడు. చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖరశర్మ లక్ష్మణరావుతోనూ, తరువాత నాగేశ్వరరావుతోనూ ఈ నిర్మాణంలో పనిచేశాడు.

నాగేశ్వరరావు మరణంతో ఈ ప్రయత్నమూ అసంపూర్ణంగానే మిగిలింది. అయితే విజ్ఞాన సర్వస్వం తెలుగులో సాధ్యమేనన్న విషయం రుజువయింది. తరువాతి కాలంలో తెలుగు భాషా సమితి విషయాలవారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలను ప్రచురించింది.

గ్రంథాలయోద్యమము, బెజవాడ

ఆంధ్రపత్రిక దినపత్రికగా మారిన 1914 ఏప్రిల్ నెల తెలుగువారి చరిత్రలో ప్రత్యేకమైనది. ఆ నెల 1వ తేదీన మద్రాసులో పత్రిక వెలువడింది. 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ రోజులలోనే బెజవాడలో న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన రెండవ ఆంధ్ర మహాసభ జరిగింది. చదవడానికి పత్రిక, చదువుకోవడానికి చోటు, చదివినవారు కూడి ఆలోచించడానికి సభ – ఈ మూడూ పది పన్నెండు రోజుల వ్యవధిలో సమకూరాయి.

గ్రంథాలయ సంఘానికి అయ్యంకి వెంకటరమణయ్య ప్రాణం పోశాడు. బెజవాడలోని రామమోహన గ్రంథాలయం ఈ ఉద్యమానికి కేంద్రంగా నిలిచింది. డెల్టా గ్రామాలలో వీధి అరుగులమీద, సత్రాలలో, ఇళ్ళ ముందుగదులలో చిన్నచిన్న గ్రంథాలయాలు వెలిశాయి. 1935లో పాతూరి నాగభూషణం డెల్టా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపాడు. ధాన్యం మోసిన కాలువలే పుస్తకాలనూ మోశాయి. ఈ ఉద్యమానికి నాగేశ్వరరావు ధనంతో, పుస్తకాలతో అండగా నిలిచాడు. చదవను రానివాడు కూడా గ్రంథాలయంలో ఒకరు ఆంధ్రపత్రిక పైకి చదువుతుండగా చుట్టూ కూర్చొని వినేవాడు. అందువలన అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్యను బట్టి నాటి పత్రికా ప్రభావాన్ని అంచనా వేయడం సరికాదు.

దాతృత్వము

పూర్వం తెలుగునాట ధనవంతుని కీర్తి సప్తసంతానాలతో ముడిపడి ఉండేది. చెరువు, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు అనేవి ఆ ఏడు. వీటిలో ఏది నిలిపినా దాత పేరు నిలుస్తుందని విశ్వాసం. కృష్ణా డెల్టాలోనూ సంపన్న కుటుంబాలు సత్రాలు కట్టించడం, అన్నదానాలు చేయడం, దేవాలయాలకు మాన్యాలివ్వడం పరిపాటి. రాజులూ, జమీందారులూ ఒక్కొక్క కృతిని అంకితం పుచ్చుకునేవారు.

నాగేశ్వరరావు ఈ ఏడింటిలో "కృతి"ని ఎంచుకున్నాడని చెప్పవచ్చును. తేడా ఏమంటే, ఒక కావ్యాన్ని అంకితం పొందడానికి మారుగా, వందలాది రచయితల రచనలు అచ్చయ్యే సాధనాలను ఏర్పరచాడు. ముద్రణాలయం, పత్రిక, గ్రంథమాల, గ్రంథాలయం అనేవి ఒక్కసారి ఇచ్చి మరచిపోయే దానాలు కావు. కాగితానికి, సిరాకు, జీతాలకు, తపాలాకు ప్రతి నెలా డబ్బు కావాలి. అటువంటి దానాన్ని ఆయన దశాబ్దాల తరబడి కొనసాగించాడు.

వ్యక్తులకు చేసిన సహాయం వేరు. చదువుకు ఫీజు కట్టలేని విద్యార్థి, పుస్తకం అచ్చువేసుకోలేని కవి, జైలుకు వెళ్ళిన కార్యకర్త కుటుంబం – ఇటువంటివారికి ఆయన ఇల్లు ఆశ్రయం. చేతికి ఎముక లేని మనిషి అన్న మాట ఆయన విషయంలో స్వభావోక్తి. "విశ్వదాత" అన్న పేరు ఇందువలననే స్థిరపడింది.

జాతీయోద్యమములో పాత్ర

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం గాంధీజీ సమక్షంలో జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు అక్కడే నిర్ణయమయ్యాయి. ఆ తరువాతి సంవత్సరాలలో కృష్ణా, గుంటూరు జిల్లాలు జాతీయోద్యమంలో ముందు నిలిచాయి. నాగేశ్వరరావు 1920, 1930 దశకాలలో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి పలుమార్లు అధ్యక్షత వహించాడు. ఖద్దరు ప్రచారానికి తోడ్పడ్డాడు.

ఉప్పు సత్యాగ్రహోద్యమ కాలంలో ఆయనకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. అప్పటికి ఆయన అరవై ఏళ్ళు దాటినవాడు. పెద్ద వ్యాపార సంస్థకు యజమాని. ప్రభుత్వాగ్రహానికి గురైతే వ్యాపారానికీ, పత్రికకూ కూడా నష్టం తప్పదని తెలిసే ఈ మార్గంలో నడిచాడు. జైలులో ఉన్న కాలంలో భగవద్గీతకు వ్యాఖ్యానం వ్రాశాడు.

శ్రీబాగ్ ఒడంబడిక

మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను వేరుచేసి ఆంధ్ర రాష్ట్రంగా ఏర్పరచాలన్న కోరిక 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నుండి వినిపిస్తూ వచ్చింది. కాని కోస్తా జిల్లాలకూ, రాయలసీమకూ మధ్య అపోహలు తొలగలేదు. నదీజలాలతో, విద్యతో ముందంజ వేసిన కోస్తావారి ఆధిపత్యం క్రిందికి పోతామేమోనన్న భయం రాయలసీమవారిలో ఉండేది. 1926లో బెజవాడ కేంద్రంగా మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలన్న వివాదం ఈ భయాన్ని పెంచింది. అనంతపురానికి రావలసినది రాలేదన్న అసంతృప్తి సీమలో మిగిలిపోయింది.

ఈ పరిస్థితులలో 1937 నవంబరు 16న మద్రాసులోని నాగేశ్వరరావు గృహం "శ్రీబాగ్"లో ఉభయ ప్రాంతాల నాయకులు సమావేశమయ్యారు. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు ఇందులో పాల్గొన్నవారిలో ముఖ్యులు. ఒడంబడికలోని ప్రధానాంశాలు ఇవి:

• వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఏర్పాటు.
• తుంగభద్ర, కృష్ణ, పెన్న నదీజలాల వినియోగంలో పదేళ్ళపాటు లేదా అవసరమైనంత కాలం రాయలసీమకు, నెల్లూరు జిల్లాకు ప్రాధాన్యం.
• శాసనసభ స్థానాల కేటాయింపులో జిల్లాల మధ్య సమానత్వం.
• రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాలలో ఉండటం. రెండింటిలో దేనిని కోరుకోవాలన్న ఎంపిక రాయలసీమది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధానిగా, గుంటూరు హైకోర్టు కేంద్రంగా నిర్ణయం కావడానికి ఈ ఒడంబడికే ఆధారం. అయితే జలాలకు సంబంధించిన హామీలు నెరవేరలేదన్న వాదన రాయలసీమలో బలంగా ఉంది. 2014లో రాష్ట్ర విభజన తరువాత రాజధాని విషయంలో, 2020లో మూడు రాజధానుల ప్రతిపాదన విషయంలో సాగిన చర్చలలో శ్రీబాగ్ పేరు మళ్ళీ మళ్ళీ వినిపించింది.

కృష్ణా డెల్టాలో, అంటే ఆనకట్ట నీటితో బాగుపడిన ప్రాంతంలో పుట్టిన వ్యక్తి ఇంట్లో, నీరు లేని ప్రాంతానికి నీటిలో తొలి హక్కు ఇవ్వాలన్న అంగీకారం కుదరడం గమనార్హం.

మరణము, తదనంతర కాలము

శ్రీబాగ్ సమావేశం జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11న నాగేశ్వరరావు మరణించాడు. ఆంధ్ర రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. మద్రాసు మైలాపూరులో లజ్ ప్రాంతంలోని ఉద్యానవనానికి నాగేశ్వరరావు పార్కు అని ఆయన పేరు పెట్టారు.

ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ సంస్థల బాధ్యతను స్వీకరించి, ఆంధ్రపత్రికను, భారతిని 1972లో తాను మరణించే వరకు నడిపాడు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. భారతి కూడా దాదాపు అదే కాలంలో నిలిచిపోయింది. అమృతాంజనం మాత్రం ఇప్పటికీ మార్కెట్టులో ఉంది. కంపెనీ పేరు ప్రస్తుతం అమృతాంజన్ హెల్త్ కేర్.

అంచనా

నాగేశ్వరరావు జీవితాన్ని పరిశీలించినప్పుడు ఒక బలం, ఒక బలహీనత రెండూ కనిపిస్తాయి. ఒక వ్యాపార సంస్థ ఆదాయం వెనుక ఉండటం వలన ఆయన పత్రికలు పాఠకుల మెప్పుకోసమో, ప్రభుత్వ ప్రకటనల కోసమో తమ స్థాయిని తగ్గించుకోవలసిన అవసరం రాలేదు. అదే సమయంలో, ఆ సంస్థలన్నీ ఒక కుటుంబపు శక్తిమీద, ఆసక్తిమీద ఆధారపడి ఉన్నాయి. 1938 ఆగస్టులో ఆంధ్రప్రభ, ఆ తరువాత ఇతర దినపత్రికలు రంగంలోకి వచ్చి, పెద్ద పెట్టుబడులతో ముద్రణ, పంపిణీ విధానాలు మారిపోయాక పాత పద్ధతిలో కొనసాగడం కష్టమయింది. విజ్ఞాన సర్వస్వం విషయంలోనూ ఇదే జరిగింది. పని పూనుకున్న వ్యక్తి వెళ్ళిపోగానే పని ఆగింది.

అయినప్పటికీ అచ్చయిన పుస్తకం మిగిలే ఉంటుంది. ఆంధ్ర గ్రంథమాల ప్రతులు, ఉగాది సంచికలు, భారతి సంపుటాలు పాత గ్రంథాలయాలలో పరిశోధకులకు నేటికీ ఉపయోగపడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసే పని చేపట్టినప్పుడు ఆంధ్రపత్రిక సంచికలు అందులో ప్రధాన భాగమయ్యాయి. ఇరవయ్యవ శతాబ్దపు తెలుగు సాహిత్య చరిత్రను వ్రాయదలచిన విద్యార్థి భారతి పుటలు తిరగవేయకుండా ముందుకు పోలేడు.

కాలక్రమము

• 1867 మే 1 – జననం
• 1891 – మద్రాసు క్రైస్తవ కళాశాల నుండి పట్టభద్రత
• 1893 – బొంబాయిలో అమృతాంజనం సంస్థ స్థాపన
• 1907 – సూరత్ కాంగ్రెసు మహాసభకు హాజరు
• 1908 సెప్టెంబరు – ఆంధ్రపత్రిక వారపత్రిక ప్రారంభం
• 1914 ఏప్రిల్ 1 – మద్రాసు నుండి ఆంధ్రపత్రిక దినపత్రిక
• 1924 జనవరి – భారతి మాసపత్రిక
• 1926 – ఆంధ్ర గ్రంథమాల
• 1935 – ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కళాప్రపూర్ణ
• 1936 – అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మార్పు
• 1937 నవంబరు 16 – శ్రీబాగ్ ఒడంబడిక
• 1938 ఏప్రిల్ 11 – మరణం

ఇవి కూడా చూడండి

• కొమర్రాజు వెంకట లక్ష్మణరావు
• అయ్యంకి వెంకటరమణయ్య
• ఆంధ్రపత్రిక
• భారతి (మాసపత్రిక)
• శ్రీబాగ్ ఒడంబడిక
• ఎలకుర్రు